రావుగారి బటన్ బ్రేకు

రామలింగేశ్వరరావు గారు పటాన్‌చెరు దగ్గర ఒక పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ముప్ఫై ఒక్క ఏళ్లు సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసి, ఒంటిమీద ఒక్క గాటు కూడా లేకుండా రిటైరయ్యారు. గాట్లన్నీ పనిచేసేవాళ్లకే పడ్డాయి. ఎవరి వేలు తెగినా, ఎవరి కాలిమీద ఇనుప దిమ్మె పడినా రావుగారు తెల్ల హెల్మెట్ పెట్టుకుని అక్కడికి వెళ్లేవారు. టేపుతో కొలిచేవారు, ఫొటో తీయించేవారు, చివర్లో "కారణం: కార్మికుని అజాగ్రత్త" అని రాసి సంతకం పెట్టేవారు. ఆయన రాసిన వందలాది నివేదికల్లో యంత్రం తప్పు చేసిన సందర్భం ఒక్కటీ లేదు. రావుగారంటే యంత్రాలకు అంత భయభక్తులన్నమాట.

సొంతూరు తెనాలి దగ్గర. ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడిపోయి, ఇప్పుడు వెలిమెలలో కొడుకు ప్రవీణ్‌కుమార్ కొన్న విల్లాలో ఉంటున్నారు. ప్రవీణ్ నెలకు ఇరవై రోజులు కంపెనీ పని మీద పుణెలోనే ఉంటాడు. ఇంట్లో మిగిలేది రావుగారు, భార్య లక్ష్మీనరసమ్మ, కోడలు సత్యశ్రీ, ఎనిమిదేళ్ల మనవరాలు శ్రీదివ్య. ఇంటికి పెద్ద రావుగారు. ఇల్లు నడిపేది మాత్రం సత్యశ్రీ.

రావుగారి చేతిలో మిగిలిన అధికారం ఒక్కటే, కారు తాళం. రోజూ సాయంత్రం అయిదింటికి మనవరాలిని తెల్లాపూర్‌లో ఈతకు తీసుకెళ్లేది ఆయనే. పోను ఇరవై నిమిషాలు, రాను ఇరవై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ శ్రీదివ్య వెనక సీట్లో కూర్చుని టీచర్ల మీద, స్నేహితురాళ్ల మీద, వాళ్లమ్మ మీద ఆపకుండా ఫిర్యాదులు చెబుతుంది. రావుగారు అన్నిటికీ విచారణ జరిపిస్తానని హామీ ఇస్తారు. రిటైరయ్యాక ఆయన మాట మీద ఇంత గురి ఉంచిన మనిషి ఇంకొకరు లేరు. ఆ నలభై నిమిషాల కోసమే ఆయన మిగతా రోజంతా గడుపుతున్నారంటే అబద్ధం కాదు.

ఆ తాళానికీ ఒక గండం ఉంది. వానాకాలంలో ముత్తంగి చౌరస్తా దగ్గర కారును లారీకి గీరించుకుని వచ్చారు. సత్యశ్రీ గీతను చూసి ఒక్క మాటే అంది.

"మామయ్యగారూ, ఇంకోసారి మీ పొరపాటు వల్ల ఏదన్నా అయితే తాళం నా దగ్గరే ఉంటుంది. పాప ఎక్కే బండి కదండీ."

ఆ మాటలో కోపం లేదు. అందుకే రావుగారికి ఎక్కువ భయం వేసింది.

ఇక కారు సంగతి. పాత కారుకు రెండు సీట్ల మధ్య చేతి బ్రేకు ఉండేది. కర్రుమని లాగితే బండి ఆగిందని చేతికీ తెలిసేది, చెవికీ తెలిసేది. ఏడు సీట్ల ఈ కొత్త కారుకు ఆ కడ్డీ లేదు. దాని బదులు చొక్కా గుండీకి కాస్త పెద్దదిగా ఒక బటన్ ఉంది. కొన్న రోజునే రావుగారు ముఖం చిట్లించారు. "టన్నున్నర బండిని ఈ గుండీ ఆపుతుందిట్రా?" అన్నారు.

"ఆపుతుంది నాన్నా. అసలు మీరు నొక్కక్కర్లేదు కూడా. బెల్టు తీసి తలుపు తెరిస్తే మీరు దిగుతున్నారని దానికే తెలుస్తుంది. బ్రేకు అదే వేసుకుంటుంది. మీరు మర్చిపోయినా అది మర్చిపోదు," అన్నాడు ప్రవీణ్. పక్కనే ఉన్న ఆటో హోల్డ్ అనే ఇంకో బటన్ చూపించి, "ఇది సిగ్నల్ దగ్గర కాలు నొప్పి పుట్టకుండా కాసేపు పట్టుకుని ఉంచడానికి. కాసేపే సుమా," అంటూ ఉండగానే ఫోన్ మోగింది. తర్వాతి పాఠం జరగలేదు. కారు అరలో ఉన్న పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పకుండా అక్కడే ఉండిపోయింది.

రావుగారికి బటన్ కన్నా పెద్ద శత్రువు బెల్టు. పొట్ట కాస్త ముందుకొచ్చిన మనిషి. పెట్టుకుంటే ఊపిరాడదు, పెట్టుకోకపోతే కారు బీప్ బీప్ మని అరుస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు లోకాన్ని హెచ్చరించిన మనిషిని ఒక కారు హెచ్చరించడం ఏమిటి! ముత్తంగి దగ్గర ఫోన్ స్టాండులూ స్టీరింగు కవర్లూ అమ్మేవాడి దగ్గర ఒక క్లిప్పు కొన్నారు. బెల్టు చివర ఉండే ఇనుప నాలుక లాంటిదే. దాన్ని బెల్టు దూర్చే చోట దూరిస్తే, మనిషి బెల్టు పెట్టుకున్నాడని కారు నమ్మి నోరు మూసుకుంటుంది. శ్రీదివ్య ఉన్నప్పుడు మాత్రం రావుగారు బుద్ధిగా బెల్టు పెట్టుకుంటారు, ఎందుకంటే ఆ పిల్ల ఆయన కన్నా గట్టి సేఫ్టీ ఆఫీసరు. ఒంటరిగా వెళ్లేటప్పుడు క్లిప్పే గతి.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డది ఒక శనివారం పొద్దున.

రావుగారు పటాన్‌చెరు రైతుబజారు నుంచి కూరగాయలతో వచ్చి, ఇంటి ముందు ర్యాంపు ఎక్కించి, గేటు తీయడానికి దిగారు. గేరు తీసేశారు గానీ ఇంజన్ ఆపలేదు, ఏసీ పోతుందని. పక్కన పచ్చ దీపం వెలుగుతోంది, బ్రేకు పడిందనుకున్నారు. ఆ దీపం ఆటో హోల్డ్‌ది. దిగేటప్పుడు తీయడానికి ఆయన ఒంటిమీద బెల్టు లేదు, క్లిప్పు దాని చోట దానిలా ఉంది. కనుక కారు లెక్క ప్రకారం రావుగారు బెల్టు పెట్టుకుని సీట్లోనే కూర్చుని ఉన్నారు. ఉన్న మనిషి కోసం పార్కింగ్ బ్రేకు ఎందుకని అది వేసుకోలేదు.

రావుగారు చిన్న తలుపులోంచి లోపలికెళ్లి పెద్ద గేటు గడియ తీయబోతుంటే వసారాలోంచి లక్ష్మీనరసమ్మ అడిగింది.

"ఏమండీ, గోంగూర తెచ్చారా?"

"తెచ్చాను."

"ఎర్రదా, తెల్లదా?"

రావుగారు తెల్లది తెచ్చారు. నలభై ఏళ్ల కాపురంలో గోంగూర రంగు నేర్చుకోని మొగుడి గురించి ఆవిడ చెప్పవలసినవి చాలా ఉన్నాయి, చెప్పింది. గేటు నిండా ఇనుప రేకు, అవతల ఏం జరుగుతోందో ఇద్దరికీ కనిపించదు. సిగ్నల్ దగ్గర కాసేపు పట్టుకోవడానికి పెట్టిన హోల్డు, గోంగూర చర్చ అయ్యేదాకా ఎందుకు పట్టుకుంటుంది? కాసేపు చూసి వదిలేసింది. కారు వెనక్కి జారి, ర్యాంపు దిగి, కాలువ గట్టుకు తగిలి పక్కకు తిరిగి, పల్లంగా ఉన్న కాలనీ రోడ్డు మీద తీరిగ్గా బయలుదేరింది.

కాలనీ గేటు దగ్గర కాపలా ఉండేది నర్సింహులు. లక్డారం మనిషి. ఎకరమున్నర పొలం ఉంది, ట్రాక్టరు నడిపాడు, ఫ్యాక్టరీలో ఫోర్కులిఫ్టు నడిపాడు, మోకాళ్లు అరిగాక ఇక్కడ కుర్చీలో కూర్చున్నాడు. ఆ క్షణాన గ్యాసు ఆటో వస్తే అడ్డకర్ర ఎత్తడానికి లేచాడు. కారు వచ్చి ఆ ఖాళీ కుర్చీని, కింద పెట్టిన సద్ది గిన్నెను నుజ్జు చేసి, పూలకుండీల దిమ్మెకు ఆనుకుని ఆగింది.

రావుగారు పరుగెత్తుకొచ్చేసరికి నర్సింహులు తన గిన్నెను చూస్తూ నిలబడి ఉన్నాడు.

"గ్యాసు ఆటో జెర ఆలస్యమైతే నా దినాలకు మీరందరు వచ్చెటోళ్లు సార్," అన్నాడు. నవ్వుతూనే వంగి, చితికిన గిన్నెను చేతిలోకి తీసుకున్నాడు.

రావుగారు కారు తలుపు తెరిచారు. క్లిప్పు ఉన్నచోటే మెరుస్తోంది. ఆయన వృత్తిలో అనుభవజ్ఞుడు, జరిగింది అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. మూడో క్షణంలో క్లిప్పు తీసి జేబులో వేసుకున్నారు. అప్పటికి జనం చేరుతున్నారు. అటువైపు నుంచి సత్యశ్రీ కూడా వస్తోంది. మనవరాలి నలభై నిమిషాలు కళ్ల ముందు మెదిలి, రావుగారి నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"బ్రేకు ఫెయిల్. ఈ ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకుల్ని నమ్మకూడదని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

ఆయన జీవితంలో మొట్టమొదటిసారిగా యంత్రానిది తప్పయింది.

ఆ కాలనీ సంఘానికి అధ్యక్షుడు వెంకటేశం. విల్లాలు లేచిన నేలలో సగం వాళ్ల తాతది. అందుకని అధ్యక్ష పదవికి ఎన్నిక ఎప్పుడూ జరగలేదు, జరగాలని ఎవరూ అడగలేదు. అతను కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మీరు సేఫ్టీ ఆఫీసరు సార్. మీ అసొంటోళ్ల బండికే గిట్లయితే మా బండ్ల సంగతేంది?" అన్నాడు.

సాయంత్రానికల్లా క్లబ్బు హాలులో సమావేశం. కాలనీలో బటన్ బ్రేకు కార్లు నలభై రెండు ఉన్నాయని తేలింది. అంతదాకా వాటిని హాయిగా నడుపుకున్నవాళ్లంతా ఒక్కసారిగా భయపడ్డారు. బ్యాటరీ దిగిపోతే ఆ బ్రేకు వీడదట కదా అని ఒకాయన, పడదట కదా అని ఇంకొకాయన. పాత బ్రేకయితే పక్క సీట్లో ఉన్నవాళ్లయినా లాగేవాళ్లు, ఈ బటన్ ఎక్కడుందో మా ఆవిడకు తెలియదని మరొకాయన అన్నాడు. "మీకు తెలుసా?" అని ఆవిడ అడిగింది. ఆయన ఆలోచనలో పడ్డాడు. పుస్తకంలో ఏం రాశారో చూద్దామని ఎవరో అన్నారు గానీ, అంత చప్పటి సలహా ఎవరూ పట్టించుకోలేదు. నలభై రెండు కార్ల కింద మళ్లీ నిమ్మకాయలు పెట్టి పూజ చేయిద్దామన్న మాటకు మంచి మద్దతు వచ్చింది.

అందరూ రావుగారి వైపు చూశారు. ఆ చూపు రిటైరయిన ఈ ఏడేళ్లలో ఆయన ఎరగరు. "తాత్కాలికంగా టైర్ల వెనక అడ్డు పెట్టుకోవడం శ్రేయస్కరం," అనేశారు. అంతే, ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, వెంకటేశం లక్డారం క్రషరు నుంచి రాళ్లు తెప్పించాడు. నలభై రెంటికీ పసుపు రంగు, నల్ల చారలు, విల్లా నంబర్లు. వాటిని పెట్టే పని, తీసే పని నర్సింహులుది.

పొద్దున ఎనిమిదయితే చాలు, నాలుగు వీధుల్లోనూ "నర్సింహులూ, రాయి!" అని కేకలు. అరిగిన మోకాళ్లతో అతను ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తేవాడు. అతను ఒక వీధిలో రాయి తీస్తుంటే ఇంకో వీధిలో ఎవరో రాయి మీదుగానే కారు వెనక్కి తీసేవారు. వారంలో మూడు బంపర్లు పోయాయి, అందులో ఒకటి వెంకటేశానిది. తొమ్మిదో నంబరు రాయి కనిపించకుండా పోయి, చివరికి ఎనిమిదో నంబరువాళ్ల ఊరగాయ జాడీ మీద బరువుగా దొరికింది. పోయిన బంపర్లన్నిటికీ నర్సింహులు ఆలస్యమే కారణమని సంఘం తేల్చింది. బ్రేకుల వల్ల మాత్రం ఆ వారంలో ఏ ప్రమాదమూ జరగలేదు కాబట్టి పథకం జయప్రదమైందని కూడా తేల్చింది.

రావుగారు అక్కడితో ఊరుకుని ఉంటే కథ చల్లారిపోయేది. ఊరుకుంటే ఆయన రావుగారు ఎందుకవుతారు? కంపెనీకి ఉత్తరం రాశారు, పాత అలవాటు కొద్దీ మూడు పేజీలు, పేరాలకు అంకెలు వేసి మరీ. కంపెనీవాళ్లు ఉలిక్కిపడి ఒక ఇంజనీరును పంపించారు. అతను కారుకు ల్యాప్‌టాప్ తగిలించి, అరగంట చూసి, అధ్యక్షుడి ముందు, రావుగారి ముందు, సత్యశ్రీ ముందు చాలా మర్యాదగా చెప్పాడు.

"బ్రేకులో ఏ లోపమూ లేదండీ. ఆ టైముకి ఇంజన్ ఆన్‌లో ఉంది, బండి ఆటో హోల్డ్ మీద ఉంది. హోల్డ్ మూడు నిమిషాలే పట్టుకుంటుంది. డ్రైవర్ దిగితే పార్కింగ్ బ్రేకు పడాలి. కానీ డ్రైవర్ దిగలేదు. బెల్టు పెట్టుకునే ఉన్నాడు."

రావుగారు తల దించుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నారు. కానీ లోకం ఆయన అనుకున్నంత తెలివైనది కాదు.

"సార్ ఇంట్ల ఉన్నరు, అమ్మ గూడ చూసింది. మరి బెల్టు పెట్టుకొని బండిల కూసున్నదెవలు?" అని వెంకటేశం గడ్డం గీరుకున్నాడు. ఆ వీధికి కెమెరా ఉంది గానీ, మామిడికాయలు పోతున్నాయని దాన్ని అతనే ఎండాకాలంలో తన చెట్టు వైపు తిప్పించుకున్నాడు. కాబట్టి బుర్ర మీదే ఆధారపడవలసి వచ్చింది. కాసేపటికి అతని కళ్లు పెద్దవయ్యాయి.

"నర్సింహులు! ఏసీ చల్లగుందని ఎక్కి కూసున్నడు. ఏదో బటన్ ఒత్తిండు. బండి సీదా ఆయన కుర్సీ కాడికే వొయింది చూసిన్రా? లేకుంటే బండికి తొవ్వెట్ల తెలుస్తది?"

ఈ తర్కానికి ఎదురు చెప్పడం ఎవరివల్లా కాలేదు. నర్సింహులును పిలిచి అడిగితే, అతను ముందు నవ్వాడు. తర్వాత వాళ్ల ముఖాలు చూసి నవ్వు ఆపాడు.

"నేను బండిల కూసునుడేంది? గేటు కాడ ఉన్న గద, గ్యాసు ఆటోవాన్ని అడుగుండ్రి. కూసున్నా, బెల్టు పెట్టుకుంటనా సార్? నా బతుకుల ట్రాక్టరుకు బెల్టు ఎన్నడన్న ఉండెనా?"

ఆటోవాణ్ని అడగాలని ఎవరికీ తోచలేదు. ఏజెన్సీకి కబురు వెళ్లింది. సోమవారం నుంచి వేరే మనిషిని పంపమన్నారు. రావుగారు నోరు తెరిచారు. సత్యశ్రీ ఆయన వైపే చూస్తోంది. నోరు మూసుకున్నారు. ఇంటికొస్తూ సత్యశ్రీ, "పోనీలెండి మామయ్యగారూ, బ్రేకుదీ కాదు, మీదీ కాదు తప్పు. నేనే అనవసరంగా కంగారుపడ్డాను," అంది. ఆ మంచి మాట ఆయనకు చెంపదెబ్బలా తగిలింది.

మర్నాడు నర్సింహులు ఇంటికొచ్చాడు. వసారా మెట్టు కిందే నిలబడ్డాడు.

"సార్, బ్రేకే ఫేలయిందని మీరే అన్నరు గద. గదే మాట ఆళ్లకు ఇంకొక్కసారి చెప్పుండ్రి. ఇంజనీరుకేం తెలుసు? మీ మాట మీద నాకు నమ్మకం."

ప్రపంచంలో రావుగారి అబద్ధాన్ని ఇప్పటికీ మనస్ఫూర్తిగా నమ్ముతున్నవాడు అతనొక్కడే. రావుగారు "చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే ఏమిటో కార్మికులకు బాగా తెలుసు. అతను తల ఊపి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం లక్ష్మీనరసమ్మ ఎర్ర గోంగూర పచ్చడి చేస్తే రావుగారికి ముద్ద దిగలేదు.

సాయంత్రం ఈతకు వెళ్తుంటే వెనక సీట్లోంచి శ్రీదివ్య అడిగింది.

"తాతయ్యా, నర్సింహులు అంకుల్ మన కార్లో ఎందుకు కూర్చున్నాడు?"

"కూర్చోలేదమ్మా."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

"మరి నువ్వు చెప్పలేదేం?"

రావుగారు కారును రోడ్డు పక్కకు తీసి ఆపారు. బటన్ నొక్కారు, ఎర్ర దీపం చూసుకున్నారు, మళ్లీ చూసుకున్నారు. ఎన్ని వందల విచారణలు చేశారో గానీ, ఇంత సూటి ప్రశ్న ఆయన ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. "ఆదివారం మీటింగులో అందరికీ చెబుతానమ్మా," అన్నారు.

ఆదివారం పొద్దున పదింటికి క్లబ్బు హాలు నిండింది. కొత్త కాపలా మనిషి గురించి చర్చ మొదలవుతుండగా రావుగారు లేచారు.

"నర్సింహులు నా కార్లో కూర్చోలేదు. ఆ కార్లో ఎవరూ లేరు. బెల్టు బదులు నేను ఈ క్లిప్పు పెట్టాను. అందుకే నేను దిగినా కారుకు తెలియలేదు. పార్కింగ్ బ్రేకు పడకపోవడానికి కారణం నేను. బ్రేకు ఫెయిలయిందని నేను చెప్పింది అబద్ధం." చెప్పి, క్లిప్పు పైకెత్తి చూపించారు.

సత్యశ్రీ తల తిప్పి ఆయన్ను చూసింది. వెంకటేశం నెమ్మదిగా లేచి కళ్లు తుడుచుకున్నాడు.

"చూసిన్రా గీ మనిషి మనసు! గరీబోని నౌకరి పోతదని తప్పు తన మీదేసుకుంటుండు. సేఫ్టీ ఆఫీసరు బెల్టు పెట్టుకోకుంట తిరుగుతడా? మనం చిన్న పోరగాండ్లమా నమ్మనీకి?"

చప్పట్లు మోగాయి. ఎవరో శాలువా ప్రస్తావన తెచ్చారు. "నేను చెప్పేది నిజమండీ!" అని రావుగారు అరిచిన కొద్దీ చప్పట్లు పెరిగాయి. ముందు వరసలో ఒకాయన మాత్రం క్లిప్పును ఆసక్తిగా పరిశీలించి, "ఇది ఎక్కడ దొరుకుతుందండీ? మా కారు కూడా తెగ అరుస్తుంది," అని అడిగాడు.

"సార్ మొకం చూసి నర్సింహులును మాఫీ చేస్తున్నం. నౌకరిల ఉండనీ," అని వెంకటేశం తీర్పు చెప్పాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ నర్సింహులు నోరు విప్పాడు.

"మాఫీ ఎందుకు సార్? తప్పు చేసినోనికి గద మాఫీ. నేనేం చేసిన?"

ఉద్యోగం తిరిగి ఇచ్చాక కూడా ఏడుపేమిటన్నట్టు అందరూ చూశారు. ఆ చూపులు నర్సింహులు మీద పడుతుంటే రావుగారు ఊరుకోలేకపోయారు. కోపం వెంకటేశం మీదా, చప్పట్ల మీదా, అన్నిటికన్నా ఎక్కువగా తన మీదా.

"అందరూ బయటికి రండి. మాక్ డ్రిల్!" అన్నారు. ఆ గొంతుకు ఒకప్పుడు మూడు షెడ్లు ఖాళీ అయ్యేవి. హాలు కూడా ఖాళీ అయింది.

పిల్లల్నీ పెద్దల్నీ అరుగుల మీదికి ఎక్కించారు. కడుతున్న విల్లా దగ్గర్నుంచి ఇసుక బస్తాలు మోయించి ర్యాంపు కింద రోడ్డుకు అడ్డంగా మూడు వరసలు పేర్పించారు. కారును ర్యాంపు ఎక్కించి, అందరికీ కనిపించేలా క్లిప్పు దూర్చారు. హోల్డ్ బటన్ నొక్కారు, గేరు తీశారు, ఇంజన్ ఆన్‌లోనే ఉంచారు, దిగి, తలుపు వేసి, దూరంగా వచ్చి నిలబడ్డారు. కారు కదల్లేదు. ఒక నిమిషం గడిచింది.

"చూసిన్రా? నిలవడ్డది," అన్నాడు వెంకటేశం.

రెండో నిమిషం గడిచింది. అరుగుల మీద గుసగుసలు మొదలయ్యాయి. పాపం పెద్దాయన, ఎండలో ఎందుకు, లోపలికి తీసుకెళ్లండి అని ఎవరో సత్యశ్రీకి చెబుతున్నారు. సత్యశ్రీ కదల్లేదు. రావుగారు వాచీ చూసుకున్నారు. యంత్రాలు కదలకుండా చూడడమే ముప్ఫై ఒక్క ఏళ్లూ ఆయన ఉద్యోగం. నిలబడ్డ బండి జారితే బాగుండునని ఏ దేవుణ్నీ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగారు. "కదలవే తల్లీ, నా పరువు తీయవే," అని లోపల్లోపల గొణుక్కున్నారు. అది కదిలితే తాళం పోతుంది, మనవరాలి నలభై నిమిషాలు పోతాయి. కదలకపోతే, చెయ్యని తప్పుకు ఒక మనిషి జీవితాంతం క్షమాపణ మోస్తాడు. ఆయనకు రెండూ తెలుసు. కదలాలనే కోరుకున్నారు.

మూడు నిమిషాలు దాటింది. కారు కిందనుంచి టక్‌మని ఒక చిన్న చప్పుడు వచ్చింది. ఖాళీ కారు, లోపల ఎవరూ లేని కారు, వెనక్కి జారడం మొదలుపెట్టింది. ర్యాంపు దిగి, అందరూ చూస్తుండగా వెళ్లి, ఇసుక బస్తాలకు ధబ్బుమని గుద్దుకుని ఆగింది.

నర్సింహులు గబగబా కారు దగ్గరికి వెళ్లి, నాలుగు తలుపులూ ఒక్కొక్కటే బార్లా తెరిచి జనం వైపు తిరిగాడు.

"సూడుండ్రి! ఎవలున్నరు లోపల? బెల్టు పెట్టుకున్నదెవలు? సూడుండ్రి దగ్గరికొచ్చి!"

వెంకటేశం కారు దగ్గరికి వెళ్లి, నిజంగానే సీటు కింద కూడా చూసి, "గట్లయితే ఇగ రాళ్లు అక్కర లేదంటరా?" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఆ పూటకు కాలనీ సంఘం నుంచి వచ్చిన క్షమాపణ అదొక్కటే. నర్సింహులు దాన్ని పట్టించుకోలేదు. రావుగారి దగ్గరికి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని వదిలేశాడు.

రావుగారు ఇసుక బస్తాల దగ్గరికి వెళ్లి ఇంజన్ ఆపారు. ఆ పక్కకే సత్యశ్రీ వచ్చి నిలబడింది. ఆమె చెయ్యి చాపలేదు. కళ్లల్లో నీళ్లు మాత్రం ఉన్నాయి. అడిగించుకోవడం మర్యాద కాదని రావుగారే తాళం ఆమె చేతిలో పెట్టారు. ఆమె తీసుకుంది. వద్దు మామయ్యగారూ, ఉంచండి అంటుందేమోనని ఆయన మనసులో ఒక మూల ఆశపడ్డ మాట నిజం. ఆమె అనలేదు. ఆయనే ఆ చోట ఉంటే ఆయన కూడా అనేవారు కాదు.

అరుగు మీద నుంచి శ్రీదివ్య దూకి పరుగెత్తుకొచ్చింది. వస్తూ చప్పట్లు కొడుతోంది.

"తాతయ్యా, నువ్వు చెప్పిందే నిజమయింది కదా! నువ్వు గెలిచావు కదా! మరి అమ్మ తాళం ఎందుకు తీసుకుంది?"

"గెలిచాను కాబట్టేనమ్మా," అన్నారు రావుగారు. మనవరాలి చెయ్యి పట్టుకుని ర్యాంపు ఎక్కి ఇంట్లోకి నడిచారు.